కటపయాది సాఫ్ట్‌వేర్: సంయుక్తాక్షర సమస్య

ప్రాచీన సంకేతలిపుల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లలో భారతీయ పద్ధతులను చేర్చదలచినవారికి రెండు భిన్నమైన పద్ధతులు ఎదురవుతాయి. కామసూత్రం చెప్పిన 64 కళల్లో మ్లేచ్ఛిత వికల్పం ఒకటి. జయమంగళ వ్యాఖ్యలో యశోధరుడు వివరించిన మూలదేవీయంలో అక్షరాలు జంటలుగా స్థానాలు మార్చుకుంటాయి. ఒకే ప్రక్రియను రెండుసార్లు నడిపితే మూలపాఠం తిరిగి వస్తుంది. కటపయాది అటువంటిది కాదు. అది సంఖ్యను మాటలో నిక్షేపించే పద్ధతి. ఒక సంఖ్యకు ఎన్ని మాటలైనా కుదురుతాయి. మాటకు మాత్రం ఒకే సంఖ్య ఉంటుందన్న నమ్మకంతోనే ప్రోగ్రాములు తయారవుతున్నాయి. ఆ నమ్మకాన్ని పరీక్షించాలి.

శంకరవర్మ సద్రత్నమాల ప్రకారం అచ్చులు, న, ఞ సున్నలు. సంయుక్తాక్షరంలో చివరి హల్లుకే విలువ. అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. మేళకర్త నామాల్లో మొదటి రెండు అక్షరాలను ఈ సూత్రంతో పరిశీలిస్తే ధర్మవతి 59, షణ్ముఖప్రియ 56, సూర్యకాంతం 17 సరిగ్గా వస్తాయి. చక్రవాకం దగ్గర సూత్రం తప్పుతుంది. 'క్ర'లో రేఫకు 2 వేస్తే 26 వస్తుంది; అది చారుకేశి సంఖ్య. చక్రవాకం 16వ మేళం కావాలంటే కకారాన్నే లెక్కించాలి. విశ్వంభరి 54కు బదులు 44 అయి భవప్రియతో, దివ్యమణి 48కి బదులు 18 అయి హాటకాంబరితో, శ్యామలాంగి 55కు బదులు 51 అయి కామవర్ధనితో, జ్యోతిస్వరూపిణి 68కి బదులు 61 అయి కాంతామణితో కలిసిపోతాయి. మొదటి హల్లునే తీసుకోవాలని సూత్రాన్ని తిరగేస్తే ధర్మవతి చెడుతుంది.

సింహేంద్రమధ్యమం మరీ విలక్షణం. దాని సంఖ్య 57. ఇందులోని 5 మకారానిది. తెలుగు లిపిలో అక్కడ మకారమే లేదు, సున్న ఉంది. వ్రాతను అనుసరించే యంత్రం హకారానికి 8 వేసి 87 అంటుంది. మేళకర్తలు 72 మాత్రమే. 'సిమ్హ' అని పలికే నోటికి మకారం వినిపిస్తుంది. అంటే ఈ పేరులో సంకేతం లిపికి కాక ఉచ్చారణకు చెందింది.

కొత్త విడుదలలో ఇటువంటి పేర్లను మినహాయింపుల పట్టికలో చేర్చి, పరీక్షలన్నీ నెగ్గాయని ప్రకటించడం సులభం. అది సమస్యను కప్పిపుచ్చడమే. ధీరశంకరాభరణం, మేచకల్యాణి వంటి పేర్లలో సంఖ్య కోసం పాత రాగనామానికి ముందు మాట చేర్చారు. నామకర్త సంఖ్య నుంచి పేరుకు నడిచాడు; సాఫ్ట్‌వేర్ పేరు నుంచి సంఖ్యకు నడుస్తోంది. మేళక్రమం ముందే తెలిసిన గాయకుడికి రెండు హల్లుల్లో ఏది లెక్కో సందేహం రాదు. 72 మేళకర్తల్లోనూ కృతులు రచించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారికి ఆ పేరు జ్ఞాపిక మాత్రమే. యంత్రానికి ఆ పూర్వజ్ఞానం లేదు. కాబట్టి అది ఒక్క సమాధానం ఇవ్వకుండా, సాధ్యమైన సంఖ్యలన్నిటినీ, ఏ హల్లును లెక్కించిందో చూపుతూ ఇవ్వాలి. శిలాశాసనాల్లోనో తాళపత్రాల్లోనో తేదీలను నిర్ణయించే పరిశోధకుడికి ఇది చిన్న విషయం కాదు; ఒక్క హల్లు తేడాతో శతాబ్దాలు మారిపోవచ్చు.

తెలుగు మాటల విషయం వేరే. నూజివీడు మామిడి సీమలోని జి. కొండూరునే తీసుకుంటే, 'కొండూరు' 231. పూర్వపు వ్రాతలో 'కొణ్డూరు' అని ఉంటే చివరి హల్లు సూత్రంతో అదే 231, మొదటి హల్లుతో 251. ముందున్న 'జి.' ఇంగ్లీషు అక్షరం పేరు. చుక్కను పట్టించుకోని ప్రోగ్రాము దానికీ 8 వేసి 2318 అంటుంది.