డొంకదారి ఎత్తులు

రెడ్డిగూడెం మామిడి తోటల్లో కాయ తోలేవాళ్లకి తారురోడ్డూ తెలుసు, తోటల మధ్య డొంకా తెలుసు. చదరంగంలోనూ ఆ డొంక పట్టేవాళ్లంటే నాకు ముచ్చట.

తారురోడ్డు మీద ఇప్పుడు మజా తగ్గింది. సిసిలియన్, రుయ్ లోపెజ్ లాంటి పేరున్న ఓపెనింగుల్లో ఇరవై ఎత్తుల దాకా కంప్యూటర్ నేర్పిన పాఠాన్నే ఇద్దరూ అప్పజెబుతుంటారు. ఎవరూ ఆడని ఎత్తుల డొంకలోకి దిగితే రెండో ఎత్తుకే ఎదుటివాడి గడియారం కరగడం మొదలవుతుంది. 1980లో స్వీడన్‌లోని స్కారాలో ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ టోనీ మైల్స్ చేసిందదే. అప్పటి ప్రపంచ విజేత కార్పోవ్ రాజు ముందరి బంటును రెండు గళ్లు జరిపితే, ఈయన ఓ మూల బంటును ఒక్క గడి కదిపాడు. మరుసటి ఎత్తుకు దాని పక్క బంటును రెండు గళ్లు తోశాడు. చూస్తున్నవాళ్లు నవ్వారట. గెలిచింది మైల్సే!

వల పన్నడం వేరు, ఈ విద్య వేరు. వలకు ఉదాహరణగా నల్లవాడు పన్నే ఎంగ్లుండ్ గాంబిట్ అనే ఓపెనింగ్‌నే చూడండి. ఆరో ఎత్తులో తెల్లవాడు శకటుతో మంత్రిని తరమబోయాడా, ఎనిమిదో ఎత్తుకే మాట్ పడొచ్చు. గుర్రాన్ని తీశాడా, నల్లవాడికి చిక్కులే. తన ఎత్తు ఎక్కడ లొంగుతుందో తెలిసి కూడా ఆడేవాడే నేర్పరి.

మన వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ ఏ ఓపెనింగ్‌తో దిగుతాడో ప్రత్యర్థులకు ఓ పట్టాన అంతుపట్టదు. 2024 డిసెంబరు ఫిడే జాబితాలో అతని రేటింగ్ 2801. ఆనంద్ తర్వాత 2800 మెట్టెక్కిన భారతీయుడు అతనే.