బంజారాహిల్స్‌లో బేరాలు

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు పెద్దలు. ఆ పెద్దలు గనక ఇప్పటి బంజారాహిల్స్ బొటీక్‌లు చూసి ఉంటే, పక్కనే ఇంకో ముక్క కూడా చేర్చి ఉండేవారు, "కొరివి మీద యాభై శాతం తగ్గింపు" అని!

మా నారాయణఖేడ్ నుంచి హైదరాబాదు నూరు కిలోమీటర్ల పైమాటే. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టికెట్టు చేతిలో పెడతాడు. బేరం బస్సులోనే మొదలైందన్నమాట. ఇదివరకు పెళ్ళిబట్టలకి మాత్రమే పట్నం వెళ్ళి, సుల్తాన్ బజారూ, మదీనా, జనరల్ బజారూ చుట్టబెట్టి వచ్చే మా వీధివాళ్ళు ఇప్పుడు ఆషాఢం రాగానే నలుగురు కలిసి బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రోడ్డు నంబర్లు పట్టుకుని బయల్దేరుతున్నారు. డిజైనర్ బట్టలు సగం ధరకి వస్తాయట.

వెళ్ళడం తప్పని నేననను. వంటింటి గడప దాటి నాలుగు మంచి గుడ్డలు చేత్తో తాకి చూడటం కూడా ఒక చదువే. నా పేచీ అల్లా, దీన్ని బేరం అనడంతోనే.

బేరమంటే ఇద్దరు మాట్లాడుకోవడం. సుల్తాన్ బజారులో కొట్టువాడు "అక్కా, బోణీ బేరం, మీకోసమని ఇస్తున్న" అంటాడు. "ఏం బోణీ అన్నా, పొద్దు నెత్తిమీదికొచ్చింది" అంటాం మనం. ధర తగ్గించాలంటే వంక పెట్టాలి. వంక పెట్టాలంటే వస్తువు చూడాలి. అంచు లాగి చూస్తాం, మడత విప్పి వెలుతురుకి పడతాం, రంగు దిగుతుందేమోనని తడి వేలితో రుద్దుతాం. చదువురాని మా అమ్మమ్మలకి కూడా గుడ్డ సంగతి అంత బాగా తెలియడానికి కారణం ఈ వంకలే. విమర్శకి మొదటి మెట్టు వంక పెట్టడమే కదా!

బొటీక్‌లో ఆ అవకాశమే లేదు. చల్లటి గాలి, సన్నటి సంగీతం, నిలువెత్తు అద్దం, "మేడమ్" అంటూ మంచినీళ్ళిచ్చే అమ్మాయి. అక్కడ గొంతెత్తి ధర అడగడానికే మొహమాటం. ధర చీటీ మీద పన్నెండు వేలు కొట్టేసి, కింద ఎర్ర సిరాతో ఆరు వేలని ఉంటుంది. మొదటి ధర రాసిందీ వాళ్ళే, కొట్టేసిందీ వాళ్ళే, రెండోది రాసిందీ వాళ్ళే. మనకి మిగిలిన పని సంతోషించడమే!

"వదినా, పన్నెండు వేల రవిక ఆరు వేలకే వచ్చింది. ఆరు వేలు మిగిలాయి తెలుసా!" అంది మా పక్కింటావిడ. ఆ మిగిలిన ఆరు వేలూ ఎక్కడున్నాయని వాళ్ళాయన అడిగాడట. పాపం, ఆ పూట ఆయనకి టీ ఆలస్యంగా అందింది.

నవలలు రాసేదాన్ని గనక ఒక పోలిక చెబుతాను. అట్ట మీది వెల కొట్టేసి సగానికి అమ్మినంత మాత్రాన పుస్తకం మంచిదీ అయిపోదు, చెడ్డదీ అయిపోదు. పేజీలు తిప్పి చూడాల్సిందే. అలాగే చీరనీ తిరగేసి చూడాల్సిందే.

తిరగేస్తే ఏం తెలుస్తుందంటారా? పోచంపల్లి ఇక్కత్ ఉందనుకోండి. అందులో నూలుకి ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తరువాత నేస్తారు. అందుకే బొమ్మ రెండువైపులా ఒకే రంగులో ఉంటుంది, దాని అంచులు కాస్త అలుక్కున్నట్టు కనిపిస్తాయి. గుడ్డ మీద ఆ బొమ్మ అచ్చేస్తే గీతలు కత్తితో కోసినట్టుంటాయి, వెనక్కి తిప్పితే చాలావాటిలో రంగు వెలవెలబోతుంది. 2004లో పట్టుకి సిల్క్ మార్క్, 2006లో చేనేతకి హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చాయి. అవి ఉన్నాయా అని అడగడానికి సిగ్గెందుకు? ఆరు వేలిచ్చేది మనమే కదా.

ఇక మగ్గం వర్క్. పేరులో మగ్గం ఉందిగాని, నేత మగ్గానికీ దీనికీ చుట్టరికం లేదు. చెక్క చట్రానికి గుడ్డని బిగించి, కొక్కెం ఉన్న ఆరీ సూదితో జరీ, పూసలూ కుడతారు. చేతులూ వీపూ నిండుగా కుట్టాలంటే రోజుల తరబడి వంచిన మెడ ఎత్తకూడదు. చాలాచోట్ల కూలి ముక్క లెక్కనే. ఆ కూలి రవిక అద్దాల బీరువాకి చేరకముందే తేలిపోతుంది. ఆషాఢంలో పన్నెండు వేలు ఆరు వేలైనా, మాఘంలో మళ్ళీ పన్నెండు వేలైనా కుట్టినవాళ్ళకి ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. మరి ఆ కొట్టేసిన ఆరు వేలూ దేని వెల? కొంత ఆ వీధి అద్దెది, కొంత అమ్ముడుపోక మిగిలే సరుకుది. కొట్టువాళ్ళంతా దొంగలని నేననను, వాళ్ళ ఖర్చులు వాళ్ళకుంటాయి. కానీ అందులో పెద్ద భాగం మెడ వెనక కుట్టిన పేరుది. పేరు సగం ధరకి వస్తే దాన్ని బేరమనుకోవడం మన మంచితనం.

నిజమైన బేరాలు లేవా? ఉన్నాయి. బొమ్మకి తొడిగి చూపించిన రవిక, మరీ చిన్నవో మరీ పెద్దవో మిగిలిపోయిన కొలతలు, హోటళ్ళలో పెట్టే ఎగ్జిబిషన్‌లలో ఆఖరిరోజు సాయంత్రం. కలకత్తా నుంచో ఢిల్లీ నుంచో వచ్చినవాళ్ళకి సరుకు మళ్ళీ మూటకట్టుకుపోవడం కన్నా నాలుగు రూపాయలు తగ్గించి వదిలించుకోవడమే మేలు. 1938లో మొదలైన మన నుమాయిష్‌లో తరతరాల ఆడవాళ్ళు నేర్చుకున్న సూత్రమూ ఇదే. అయితే కుట్లు విప్పి సరిచేయించడానికి మన ఊరి దర్జీకిచ్చే డబ్బు కూడా లెక్కలో వేసుకోవాలి. సేల్ బట్ట చాలాచోట్ల వాపసు తీసుకోరు.

ఇంతకీ నా మనసులో అసలు ముల్లు ఇంకొకటుంది. బంజారాహిల్స్‌కి ఆ పేరు అక్కడి గుట్టల్లో ఉండిన బంజారాల వల్ల, అంటే మన లంబాడీల వల్ల వచ్చింది. నిజాం కాలంలో మెహదీ నవాజ్ జంగ్ ఆ రాళ్ళ మధ్య ఇల్లు కట్టుకుని, ఆ పేరు పెట్టాడంటారు. ఇప్పుడక్కడి అద్దాల బీరువాల్లో "ట్రైబల్ డిజైనర్" అని వేలాడే రవికలు చూశారా? అద్దాలు, గవ్వలు, ఎరుపు మీద పసుపు కుట్లు. మా ఖేడ్ చుట్టూ ఎన్నో తండాలున్నాయి. అక్కడి పెద్దవాళ్ళ కాంచళి, ఫేట్యాల మీద పుట్టిన పనే అది. అసలు పనిలో ఒక్కో అద్దాన్నీ చుట్టూ కుట్టుతో బిగించి నిలబెడతారు. నకలులో ప్లాస్టిక్ బిళ్ళని జిగురుతో అంటిస్తారు, నాలుగు ఉతుకులకి అది రాలిపోతుంది. తిరగేసి చూస్తే చాలు, ఏది ఏదో తెలిసిపోతుంది.

ఒక తండా అవ్వని "ఇది ఎంతకిస్తావు?" అని అడిగాను. "దీనికి ధర ఎవరు కడ్తరు బిడ్డా? మా అమ్మ పెండ్లికి పెట్టింది" అంది. కోడలు నేర్చుకుందా అంటే తల అడ్డంగా ఊపింది. నెలల తరబడి కుట్టింది సంతకి తెస్తే, ఏసీ గదిలో నోరు విప్పని మనమే ఇరవై రూపాయల కోసం గంటసేపు వాదిస్తాం. మరి కోడలు ఎందుకు నేర్చుకుంటుంది?

ఇది మారదని నిరాశపడనక్కర్లేదు. పక్కనున్న కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జులైలో హంపిలో జి-20 సమావేశం జరిగినప్పుడు లంబాణీ స్త్రీలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డు కెక్కింది. అదే సూది, అదే అద్దం. కుట్టినవాళ్ళ పేరు కూడా వినిపించడమే తేడా.

కాబట్టి ఈ ఆషాఢంలో కూడా వెళ్ళండి, మంచి గుడ్డ దొరికితే కొనండి. కాకపోతే చీటీ మీది ఎర్ర సిరా చూసేముందు గుడ్డని తిరగేయండి. "దీన్ని ఎవరు కుట్టారమ్మా?" అని ఆ మంచినీళ్ళిచ్చిన అమ్మాయిని అడగండి. ఆమెకి తెలియకపోతే లోపలివాళ్ళని అడుగుతుంది. నలుగురం అడిగితే లోపలివాళ్ళు కూడా జవాబు సిద్ధం చేసుకోక తప్పదు. ధర తగ్గినా తగ్గకపోయినా, ఆ కొట్టులో మన గొంతు కూడా వినిపించినట్టవుతుంది. బేరమంటే అదే కదా!