ఏరియా, సెంటరు, ఇంటి సామాను

తెలుగు సినిమా వ్యాపారం ప్రేక్షకుణ్ణి మొదట ఏరియాతో గుర్తిస్తుంది. నైజాం, సీడెడ్, వైజాగ్, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. హక్కులు అమ్మేదీ, షేర్ లెక్క కట్టేదీ ఈ పేర్ల మీదే. నిజాం పాలన 1948లో ముగిసింది. ఆయన పూర్వీకుడు సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నది 1800లో; సీడెడ్ అన్న పేరు అక్కడిదే. పంపిణీదారుల పద్దుల్లో మాత్రం ఆ పేర్లు చెక్కు చెదరలేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో పాత గుంటూరు జిల్లాలోని రేపల్లె, పెనుమూడి కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. సినిమా లెక్కలో ఇవన్నీ ఇప్పటికీ గుంటూరు ఏరియాయే. కృష్ణా నది మీది పెనుమూడి వారధి దాటి అవతల పులిగడ్డలో దిగితే కృష్ణా ఏరియా. రేవు దాటడమే ప్రయాసగా ఉన్న కాలంలో ఆ హద్దుకు అర్థం ఉండేది. ఇప్పుడు అవతలి అవనిగడ్డ మనిషి బండి మీద రేపల్లె వచ్చి సినిమా చూస్తే ఆ టికెట్ డబ్బు గుంటూరు షేర్‌లో పడుతుంది. ఏరియా లెక్క హాలు ఎక్కడుందో చెబుతుంది, చూసినవాడు ఎవరో చెప్పదు.

సెంటర్ల సంగతి ఇంకా అన్యాయం. పెద్ద పట్నాలు ఏ, మధ్యరకం పట్టణాలు బి, చిన్న ఊళ్లు సి. ప్రింట్లు తక్కువగా తీసిన రోజుల్లో ఫిల్ము బాక్సు ముందు ఏ సెంటర్లకు వెళ్లేది. అక్కడ ఆడి ఆడి గీతలు పడ్డాకే సి సెంటరుకు చేరేది. ఆ అక్షరం నిజానికి బాక్సు వచ్చే వరుస. పోనుపోను అదే జనం అభిరుచి మీద ముద్రయింది: ఏ అంటే క్లాస్, సి అంటే మాస్. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చి అన్ని ఊళ్లకూ ఒకేరోజు బొమ్మ పడుతున్నా ఆ ముద్ర చెరగలేదు. ఆలస్యంగా చూడాల్సి రావడం తక్కువ రుచికి గుర్తు ఎలా అవుతుంది?

టీవీ రేటింగుల్లో పల్లెలకు చోటు దక్కింది 2015లో, రేటింగుల సంస్థ బార్క్ వచ్చాకే. అంతకుముందు రేటింగులిచ్చిన టామ్ సంస్థ మీటర్లు పట్టణాలవే కాబట్టి పెనుమూడి ఇళ్లు ఏం చూసినా లెక్కలోకి రాలేదు. బార్క్ వాడిన ఎన్‌సీసీఎస్ పద్ధతి ఇంట్లో ప్రధానంగా సంపాదించే వ్యక్తి చదువును, 11 వస్తువుల్లో ఎన్ని ఉన్నాయన్నదాన్ని కలిపి ఇళ్లను 12 తరగతులుగా విడదీస్తుంది. ఫ్యాను, గ్యాస్, ఫ్రిజ్, కారు వంటివాటితో పాటు సొంత వ్యవసాయ భూమీ ఆ జాబితాలో ఒకటి. అరెకరమైనా ఇరవై ఎకరాలైనా ఒకే గుర్తు. కౌలు సాగు విస్తారంగా ఉన్న కృష్ణా డెల్టాలో, పదెకరాలు కౌలుకు చేసి సొంత చెక్క లేని రైతుకు ఆ గడి ఖాళీయే. ప్రకటనదారు ధర కట్టేది ఇలాంటి గడులు చూసే.

ఓటీటీ ఊరునూ సామానునూ అడగదు. ఏం చూశారో, ఎక్కడ ఆపేశారో నమోదు చేసుకుంటుంది. ఒకే ఖాతాలో, ఒకే ప్రొఫైల్ మీద ఇంటిల్లిపాదీ చూస్తే మామ్మ, మనవడు దాని లెక్కలో ఒకే ప్రేక్షకుడు.