ఉప్పులోంచి ఎగిరిన యురేనియం

కర్పూరం బిళ్లను మూత పెట్టకుండా వదిలేస్తే కరగకుండానే హరించుకుపోతుంది. యురేనియం లాంటి బరువైన లోహం కూడా అలా ఎగిరిపోగలదంటే నమ్మబుద్ధి కాదు. కానీ దాని ఒక్కో పరమాణువు చుట్టూ ఆరు ఫ్లోరిన్ పరమాణువులు చేరితే, 56 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఘనరూపం నుంచి నేరుగా వాయువైపోతుంది. నాలుగే చేరిన టెట్రాఫ్లోరైడ్ మాత్రం కరిగిన లవణంలో కదలకుండా ఉంటుంది. ఈ రెండు ఫ్లోరిన్ల తేడాను పట్టుకుని 1968 ఆగస్టులో అమెరికాలోని టెన్నెసీలో, ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వాళ్లు చేసిన పని ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

అక్కడి ప్రయోగాత్మక రియాక్టర్‌లో ఇంధన కడ్డీలు లేవు. లిథియం, బెరీలియం, జిర్కోనియం ఫ్లోరైడ్ల ద్రవంలో కరిగిన యురేనియమే ఇంధనం. 1965 నుంచి అందులో ఉన్న యురేనియాన్ని తీసేసి, అదే లవణంలో యురేనియం-233 కలపాలి. లవణాన్ని ఒక తొట్టిలోకి మళ్లించి ఫ్లోరిన్‌ను బుడగలుగా పంపారు. ఆరు రోజుల్లో, మొత్తం 47 గంటలు. రెండు వందల కిలోలకు పైగా యురేనియం వాయువై బయటికొచ్చింది. సీసియం, స్ట్రాన్షియం లాంటి విచ్ఛిత్తి శకలాలు లవణంలోనే ఉండిపోయాయి.

అసలు పనితనం ఆ తర్వాతిది. నియోబియం లాంటి కొన్ని విచ్ఛిత్తి శకలాలూ ఫ్లోరైడ్లుగా మారి యురేనియంతో పాటే ఎగురుతాయి. అందుకే దారిలో సోడియం ఫ్లోరైడ్ గుళికల పొర పరిచారు. దాదాపు 400 డిగ్రీల వేడిలో ఆ గుళికలు నియోబియాన్ని పట్టుకుని యురేనియాన్ని వదిలేస్తాయి. ముందుకెళ్తే మళ్లీ అవే గుళికలు, ఈసారి 100 డిగ్రీల దగ్గర. అక్కడ యురేనియాన్నే పట్టేస్తాయి! వడపోతకూ నిల్వకూ ఒకే పదార్థం, మారింది వేడి ఒక్కటే. ఇలా దక్కిన యురేనియంలో గామా తీవ్రత సుమారు వంద కోట్ల రెట్లు తగ్గింది.

ఫ్లోరిన్ ఊరికే పోలేదు. నికెల్ మిశ్రలోహంతో చేసిన తొట్టి గోడల్ని కొరికింది. నికెల్, ఇనుము, క్రోమియం ఫ్లోరైడ్లు లవణంలో చేరాయి. వాటిని హైడ్రోజన్‌తోనూ, జిర్కోనియం లోహంతోనూ తిరిగి లోహపు రేణువులుగా మార్చి వడకట్టారు. జిర్కోనియాన్నే ఎందుకంటే, దాని ఫ్లోరైడ్ లవణంలో ముందే ఉంది, కొత్త మలినమేదీ చేరదు. ఈ ఎంపికలోని పొందిక నాకు మరీ ఇష్టం. అక్టోబరు 2న ఆ రియాక్టర్ యురేనియం-233తో రాజుకుంది. ఆ ఇంధనంతో నడిచిన మొదటి రియాక్టర్ ప్రపంచంలో అదే.

1969 డిసెంబరులో దాన్ని ఆపేశారు. లవణం ట్యాంకుల్లో గడ్డకట్టింది. ఏళ్ల తరబడి వికిరణం ఆ చల్లని లవణంలోంచి ఫ్లోరిన్‌ను విడదీస్తూ వచ్చింది. మనుషులు తలపెట్టి చేసిన పని ఈసారి ఎవరూ చేయకుండానే జరిగింది. కొంత యురేనియం వాయువై గొట్టాల గుండా, వాయువుల్ని వడకట్టే బొగ్గు పొర దాకా చేరిందని 1994లో బయటపడింది. గొట్టాల్లోని ఆ వాయువును పట్టడానికి మళ్లీ సోడియం ఫ్లోరైడ్ గుళికలే తెచ్చారు.