తప్పును వెదకుటయే పరీక్ష

గ్లెన్‌ఫర్డ్ మైయర్స్ రచించిన 'ది ఆర్ట్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్' అను గ్రంథము 1979లో వెలువడినది. దీని మూలసూత్రము ఒక్కటే. ప్రోగ్రాము సరిగా ఉన్నదని చూపుటకు చేయునది పరీక్ష కాదు. అందులోని తప్పులను బయటపెట్టుటకు చేయునదే పరీక్ష.

గ్రంథారంభమున ఉన్న ఉదాహరణ పాఠశాల విద్యార్థికి కూడ అందునట్టిది. మూడు పూర్ణసంఖ్యలను భుజములుగా తీసికొని, ఆ త్రిభుజము సమబాహువో, సమద్విబాహువో, విషమబాహువో చెప్పు ప్రోగ్రామును ఏ సంఖ్యలతో పరీక్షింపవలెను? 3, 4, 5 ఇచ్చి సరియైన జవాబు రాగానే చాలామంది తృప్తిపడుదురు. కాని 1, 2, 3 ఇచ్చినచో? రెండు భుజముల మొత్తము మూడవదానికి సమానమగుటచే త్రిభుజమే ఏర్పడదు. అజాగ్రత్తగా వ్రాసిన ప్రోగ్రాము దానిని విషమబాహు త్రిభుజమనును. సున్న ఇచ్చినచో? ఋణసంఖ్య ఇచ్చినచో? ఇట్టి 14 ప్రశ్నలలో నిపుణులైన ప్రోగ్రాము రచయితలకే సగటున 7.8 మాత్రము దక్కినవని మైయర్స్ వ్రాసెను.

అన్ని సంఖ్యలను పరీక్షింపరాదా అనవచ్చును. ఒక్కొక్కటి 16 బిట్ల సంఖ్యయే అయినను మూడింటి కలయికలు 281 లక్షల కోట్లు దాటును. కావున ఏవి ఎన్నుకొనవలెనో నిర్ణయించుట, రావలసిన జవాబును ముందుగానే వ్రాసి ఉంచుట పరీక్షా విశ్లేషకుని విధి. వచ్చిన జవాబును చూచిన పిమ్మట అదియే సరియనుకొనుట మానవ స్వభావము గదా!

1996 జూన్ 4న ఆరియాన్-5 రాకెట్టు ఎగిరిన సుమారు 40 సెకండ్లలో నాశనమైనది. ఆరియాన్-4లో చక్కగా నడచిన ప్రోగ్రామునే అందులో వాడిరి. కొత్త రాకెట్టు వేగమును బట్టి వచ్చిన విలువ 32,767ను మించి, దానికి కేటాయించిన 16 బిట్లలో పట్టలేదు. కొత్త గమనపథపు లెక్కలతో ఆ భాగమును ముందుగా పరీక్షించి ఉండలేదు. మైయర్స్ సూత్రమునకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

అయితే, తన ప్రోగ్రామును తాను పరీక్షింపకుండుట మేలను ఆయన సలహాను పూర్తిగా అంగీకరింపలేము. ముందు పరీక్షను, పిమ్మట ప్రోగ్రామును వ్రాయు పద్ధతి తరువాతి కాలమున ప్రబలినది. అందు రచయితయే మొదటి పరీక్షకుడు. ఇతరుల పరీక్ష దానికి తోడు కావలెనే గాని, దాని స్థానమును ఆక్రమింపరాదు.

త్రిభుజపు ప్రశ్నను గణితోపాధ్యాయులు తరగతిలో ఇచ్చి చూడవచ్చును. దానికి కంప్యూటరు అక్కరలేదు, కాగితము చాలును. ఒక్క లెక్క సరిపోగానే సూత్రము రుజువైనదనుకొను అలవాటు విద్యార్థికి అక్కడనే వదలును.