‘స్థితిస్థాపకత’ – ‘నిమ్మళం’ : ఉపాధ్యాయుల మానసిక శ్రేయస్సు పదజాలంపై ఒక విమర్శ (చేవెళ్ల, మొయినాబాద్ మండలాల నేపథ్యం)

వ్యాససంగ్రహం:

ఉపాధ్యాయుల సామాజిక, భావోద్వేగ శ్రేయస్సుకు సంబంధించి శిక్షణ తరగతుల్లో వాడుకలోకి వచ్చిన అనువాద పదజాలాన్ని ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. ‘స్థితిస్థాపకత’ అనే పదం ఉపాధ్యాయుడి కష్టాన్ని అతని వ్యక్తిగత గుణంగా ఎలా మారుస్తున్నదో, అదే కష్టాన్ని చేవెళ్ల ప్రాంతపు మాటలు ఎలా వ్యక్తం చేస్తున్నాయో పోల్చి చూస్తుంది. ‘బడిపంతులు’ చలనచిత్రాన్ని, ‘పగటికల’, ‘తొలి ఉపాధ్యాయుడు’ రచనలను ఈ కోణంలో చర్చిస్తుంది.

కీలకపదాలు: ఉపాధ్యాయుడు, శ్రేయస్సు, స్థితిస్థాపకత, నిమ్మళం, యాష్ట, పదజాల విమర్శ, చేవెళ్ల, మొయినాబాద్.

ఉపోద్ఘాతం:

ఒక మండల స్థాయి శిక్షణకు తెలుగు విషయ నిపుణుడిగా వెళ్లినప్పుడు, నా తరగతికి ముందు జరుగుతున్న తరగతిలో వెనక వరుసలో కూర్చున్నాను. ఉపాధ్యాయుల భావోద్వేగ శ్రేయస్సు ఆనాటి అంశం. తెర మీద పెద్ద అక్షరాలతో ‘స్థితిస్థాపకతను పెంపొందించుకుందాం’ అని ఉంది. భౌతికశాస్త్రం చెప్పే ఒక ఉపాధ్యాయిని లేచి, “సార్, ఇది మా ఫిజిక్స్ పదం గదా? రబ్బరు బ్యాండుకు చెప్తం” అన్నారు. అందరూ నవ్వారు. శిక్షకులు కూడా నవ్వి తర్వాతి చిత్రానికి వెళ్లారు. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. సమాధానం చెప్పవలసిన బాధ్యత తెలుగు శాఖలదేనని అనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

పదం మోసుకొచ్చిన అర్థం:

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకంలో స్థితిస్థాపకత అంటే, బాహ్యబలాన్ని తొలగించిన తరువాత వస్తువు తన తొలి ఆకారాన్ని తిరిగి పొందే ధర్మం. ఈ నిర్వచనంలో ‘తొలగించిన తరువాత’ అనే మాట కీలకం. బలాన్ని తొలగించకుండా స్థితిస్థాపకతను పరీక్షించడం సాధ్యం కాదు. అదే పాఠంలో ‘స్థితిస్థాపక అవధి’ ఉంది. అది దాటితే వస్తువు తొలి ఆకారానికి రాదు. బలాన్ని పదే పదే ప్రయోగిస్తే వస్తువు స్థితిస్థాపకత సన్నగిల్లుతుందనీ, విశ్రాంతినిస్తే తిరిగి పుంజుకుంటుందనీ కూడా ఆ శాస్త్రమే చెబుతుంది. శిక్షణ తరగతి ఈ పదాన్ని అరువు తెచ్చుకున్నప్పుడు బలాన్ని తొలగించడం, అవధి, విశ్రాంతి అనే మూడింటినీ భౌతికశాస్త్రం దగ్గరే వదిలేసి వచ్చింది. లోహపు తీగకు దక్కిన ఈ మూడూ ఉపాధ్యాయుడికి దక్కలేదు.

మరో చిన్న విషయం. తెలుగు భౌతికశాస్త్రంలో ఒత్తిడికి గురైన వస్తువు లోపలినుంచి పుట్టే ఎదురుబలాన్ని లెక్కించే రాశికి ‘ప్రతిబలం’ అని పేరు. మన వాడుకలోని ‘ఒత్తిడి’ బయటినుంచి వచ్చేది, ‘ప్రతిబలం’ లోపలినుంచి తిరగబడేది. అనువాదకుడు ఈ రెండో మాటను ఎందుకు ఎంచుకోలేదన్నది నిజంగా ఆలోచించదగినది. ఎంచుకుని ఉంటే తరగతి వేరే దారిలో సాగేదేమో.

‘శ్రేయస్సు’ సంగతీ ఇటువంటిదే. మన సంప్రదాయంలో శ్రేయస్సు ప్రేయస్సుకు ఎదురుగా నిలిచే భావన. ఇష్టమైనదాన్ని వదులుకుని మేలైనదాన్ని పట్టుకోవడం అందులోని నీతి. అందువల్ల ‘ఉపాధ్యాయుడి శ్రేయస్సు’ అన్నప్పుడు సుఖం కంటే త్యాగమే ముందుగా ధ్వనిస్తుంది.

ప్రపంచ చర్చలో ఈ పరిమితి గుర్తింపు పొందకపోలేదు. సహజీవావరణాల గురించి 1973లో హోలింగ్ రాసినప్పుడు ఈ భావన ఒక వ్యవస్థ మొత్తానికి చెందినది. ఒంటరి జీవి ఓర్పుకు అక్కడ ప్రాధాన్యం లేదు. ఉద్యోగంలో మనసు ఇంకిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధిగా కాక వృత్తి సంబంధమైన పరిణామంగా వర్గీకరించింది. దీర్ఘకాలం కొనసాగిన పనిచోటి ఒత్తిడిని అది కారణంగా చూపింది. చిరునవ్వును కూడా జీతానికి అమ్మవలసివచ్చే ‘భావోద్వేగ శ్రమ’ను ఆర్లీ హాష్‌చైల్డ్ 1983లో విమాన పరిచారికల ఉద్యోగంలో చూపించారు. మన బడులలో దాన్ని పరిశీలించడానికి విమానం ఎక్కనక్కర్లేదు. మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కితే చాలు.

దారి, బడి:

చేవెళ్ల, మొయినాబాద్ మండలాలు హైదరాబాద్‌కు పడమట బీజాపూర్ రహదారి మీద ఉన్నాయి. ఈ బడులలో పనిచేసేవారిలో చాలామంది నగరంనుంచి రోజూ వచ్చిపోయేవారే. అప్పా కూడలినుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల దారిని విస్తరించే పని, రోడ్డుకు రెండువైపులా ఉన్న తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్ల రక్షణకోసం హరిత ట్రిబ్యునల్‌లో నడిచిన వివాదం కారణంగా ఏళ్ల తరబడి ఆగింది. చెట్ల పక్షాన వాదించినవారిని తప్పుపట్టలేం. ఆ నీడ విలువ తెలియనివారు కారు ఉపాధ్యాయులు. కానీ ఇరుకుదారి భయం రోజుకు రెండుసార్లు అనుభవించేదీ వారే. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ తాండూరు బస్సును ఢీకొని 19 మంది మరణించారు. ఆ మరునాడు అదే దారిలో బడికి వెళ్లి హాజరుపట్టిక తెరిచిన మనిషికి ఏ స్థితిని తిరిగి స్థాపించుకోమని చెప్పగలం?

హాజరు అంటే 2025 నుంచి ముఖ గుర్తింపు హాజరు. ఫోనులో ముఖం పడాలి. బస్సు ఆలస్యమైతే ఆ ఆలస్యం ఎవరిదన్నది యంత్రానికి తెలియదు. “దిగి ఉరికొచ్చిన, ఫొటో పడలే మేడం” అనే మాట ఉద్యోగ సంభాషణలో భాగమైంది.

మొయినాబాద్‌కు మరొక ప్రత్యేకత ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకోసం 1996లో వచ్చిన 111 జి.ఓ. పరిధిలోని 84 గ్రామాలలో అనేకం ఈ మండలానివి. నిర్మాణాలకు ఆంక్షలున్నా భూములు చేతులు మారాయి, ప్రహరీలు లేచాయి, తోటల ఇళ్లు వెలిశాయి. వాటి కాపలాకు, తోటపనికి దూరప్రాంతాలనుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ప్రభుత్వ బడిలో చేరుతున్నారు. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష. యజమాని పనిలోంచి తీసేస్తే పిల్ల మరునాడు బడికి రాదు. ఎక్కడికి పోయిందో తెలియదు. అక్షరం పట్టుబడిన వారానికే పిల్ల మాయమవడం ఉపాధ్యాయురాలికి ఒక రకమైన వియోగమే. దీనికి మన పత్రాలలో ఉన్న పేరు ‘డ్రాపౌట్’ మాత్రమే.

బదిలీల చరిత్ర ఇంకా లోతైన గాయం. 2016 అక్టోబరులో ఉమ్మడి రంగారెడ్డి జిల్లా మూడుగా విడిపోయింది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం కొత్త జిల్లాలకు ఉద్యోగులను కేటాయించడానికి 2021 డిసెంబరు 6న 317 జి.ఓ. వచ్చింది. కేటాయింపుకు సీనియారిటీ ఆధారమైంది. రాష్ట్రమంతటా చిన్న వయసు ఉపాధ్యాయులు సొంత ఊరున్న జిల్లాకు పరాయివారయ్యారు. భార్య ఒక జిల్లా, భర్త మరో జిల్లా అయ్యారు. చలికాలమంతా ధర్నాలు జరిగాయి. చేవెళ్లలో ఒకప్పుడు పక్క మండలంగా ఉన్న ఊరు ఇప్పుడు వికారాబాద్ జిల్లా. బస్సుకు అరగంట దూరం, ఉద్యోగానికి దాటరాని హద్దు.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షను పదేళ్ల జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మినహా బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వినియోగించరాదంటుంది. 2024 నవంబరులో జరిగిన ఇంటింటి కుటుంబ సర్వేకోసం ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూట నడిపి ఉపాధ్యాయులను పంపారు. ఆ మినహాయింపులలో ఇది ఎక్కడ ఒదుగుతుందన్నది చర్చనీయం. కులాల లెక్క అవసరమా కాదా అన్నది వేరే ప్రశ్న. అవసరమే అని నా అభిప్రాయం. ఆ అవసరం తీర్చిన భారం ఎవరి పూటలోంచి కోసుకున్నదన్నదే ఇక్కడి ప్రశ్న.

ప్రైవేటు బడుల వారిని ఈ చర్చలో మరిచిపోవడం మనకు అలవాటు. కరోనా కాలంలో జీతాలు ఆగిన ప్రైవేటు ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ సాయం సరిపోయిందా అన్నది అలా ఉంచితే, ఉపాధ్యాయుడి మనసుకూ బియ్యానికీ సంబంధం ఉందని పాలనా భాష ఒప్పుకున్న అరుదైన సందర్భం అది.

బ్రహ్మకూ బతకలేనివాడికీ మధ్య:

తెలుగు సమాజం ఉపాధ్యాయుడికి రెండు ఆసనాలే వేసింది. ఒకటి గురువును త్రిమూర్తులతో సమానం చేసే స్తోత్రం. రెండవది ‘బతకలేక బడిపంతులు’ అనే సామెత. అలసిన మనిషి కూర్చోవడానికి ఈ రెంటి మధ్య పీట లేదు. ‘కన్యాశుల్కం’లో వెంకటేశానికి చదువు చెప్పే గిరీశంనుంచి నేటి సినిమా మాస్టారి దాకా నవ్వుకో పూజకో తప్ప పంతులు పనికిరాలేదు.

1972లో వచ్చిన ‘బడిపంతులు’ చిత్రం ఈ విషయంలో గమనించదగినది. కన్నడంలో 1958లో వచ్చిన ‘స్కూల్ మాస్టర్’ దీనికి మూలం. పదవీ విరమణ చేసిన దంపతులను కొడుకులు పంచుకుని వేరుచేస్తారు. కన్నవారికి లేని దయ పాత శిష్యుడికి ఉంటుంది. ప్రేక్షకులు కన్నీరు పెట్టిన చోటు అదే. కానీ పింఛను, ఇల్లు, వృద్ధాప్య భద్రత వంటివన్నీ ఒక మంచి శిష్యుడి కృతజ్ఞత మీదికి నెట్టడం చూస్తే, ఈ కథ వ్యవస్థను ఎంత సులువుగా విడుదల చేసిందో తెలుస్తుంది. మంచి శిష్యుడు దొరకని పంతులు గతి ఏమిటన్న ప్రశ్న చిత్రంలో లేదు.

గిజుభాయి బధేకా ‘పగటికల’ను బోధనా ప్రయోగాల గ్రంథంగా చదువుతాం, శిక్షణలలో ఉదహరిస్తాం. నాలుగో తరగతిని తీసుకున్న ఆ మాస్టారు తొలిరోజే అల్లరి ముందు ఓడిపోయి ఇంటికి వస్తాడు. మరునాడు మళ్లీ వెళ్లగలిగాడు. కేవలం ఆత్మబలం వల్లనేనా? విద్యాధికారి అతనికి ఒక ఏడాది గడువు, ఒక తరగతి, తప్పులు చేసే స్వేచ్ఛ ఇచ్చాడు. ఈ పుస్తకాన్ని ఉపాధ్యాయులకు పంచేవారు, ఆ అధికారి పాత్రను అధికారులకు చదివి వినిపించడం లేదు.

సోవియట్ ప్రచురణల ద్వారా తెలుగువారికి దగ్గరైన చింగీజ్ ఐత్‌మాతొవ్ ‘తొలి ఉపాధ్యాయుడు’ ఈ చర్చకు అన్నిటికంటే దగ్గరగా ఉంది. కిర్గిజ్ గ్రామంలో పాతకొట్టాన్ని బడిగా మార్చిన దుయిషేన్, పిల్లలను వీపున మోసి గడ్డకట్టే వాగు దాటిస్తాడు. గుర్రాల మీద పోయే ఆసాములు అతన్ని చూసి నవ్వుతారు. దుయిషేన్ ఓర్పును కీర్తిస్తూ ఇక్కడే ఆగిపోవడం మన విమర్శకు అలవాటు. కథ ఆగలేదు. దుయిషేన్ ఆ మంచునీటిలో దిగి, పిల్లలు నడిచిపోవడానికి రాళ్లు పరుస్తాడు. విద్యార్థిని అల్తినాయ్ అతనికి తోడుగా రాళ్లు అందిస్తుంది. చలిని ఓర్చుకోవడమే పరిష్కారమని రచయిత అనుకోలేదు. ఓర్చుకునే అవసరమే లేకుండా చేసే పనిని చూపించాడు. అందులో ఇంకో మనిషి చేయి కూడా ఉంది. ఏళ్లు గడిచి అల్తినాయ్ విద్వాంసురాలై కొత్త బడి ప్రారంభానికి వచ్చిన రోజున, ముసలి దుయిషేన్ తపాలావాడిగా అభినందన తంతులు తెచ్చి ఇచ్చి, లోపలికి రాకుండానే వెళ్లిపోతాడు. ‘బడిపంతులు’లోని శిష్య కృతజ్ఞతకు ఇది పూర్తిగా వ్యతిరేకమైన దృశ్యం. ఇక్కడ కృతజ్ఞత ఆలస్యమైంది, దానివల్ల ఏదీ చక్కబడలేదు. ఆ అసౌకర్యాన్ని దాచకపోవడమే ఈ కథ బలం.

నిమ్మళం:

చేవెళ్ల ప్రాంతపు మాటతీరులో ఉపాధ్యాయులు తమలో తాము ఏమనుకుంటారో వింటే వేరే పదజాలం వినబడుతుంది. ‘యాష్టకొచ్చింది’, ‘ఆగమాగమైతున్నం’, ‘తిప్పలు’, ‘పరేషాన్’, ‘తండ్లాట’. ‘యాష్ట’లో విసుగు, అలసట, ఇక చాలనే భావం కలిసి ఉన్నాయి. మనసు ఇంకిపోవడానికి ఇంతకంటే దగ్గరి పదం నాకు కనబడలేదు. ఈ మాట ఒంటరిగా రాదు. ‘దేనితోని యాష్ట?’ అని ఎదుటివారు అడిగి తీరుతారు. అంటే కారణాన్ని చెప్పించే గుణం ఆ పదానికే ఉంది. ‘నాకు స్థితిస్థాపకత తక్కువ’ అన్నవారిని ‘దేనివల్ల?’ అని ఎవరూ అడగరు. లోపం అప్పటికే ఆ మనిషిదైపోయింది.

‘నిమ్మళం’ దీనికి ఎదురుపదం. “పానం నిమ్మళమైందా అక్కా?” అన్నప్పుడు జ్వరం తగ్గడం, పని ఒడ్డెక్కడం, మనసు కుదుటపడటం అన్నీ అందులో ఉంటాయి. జ్వరం పోకుండా నిమ్మళం రాదు. ‘నిమ్మళాన్ని పెంపొందించుకోండి’ అని ఎవరినీ ఆజ్ఞాపించలేం. ఆ వాక్యం తెలుగులో నిలబడదు. వ్యాకరణమే ఇక్కడ నైతిక బుద్ధి చూపుతున్నది.

మాండలిక పదాలలోనే సత్యం ఉంటుందని నేను వాదించడం లేదు. ‘సైసుకోవాలె’ అనే మాట కూడా ఈ నేలదే, అది ఎందరు ఆడవాళ్ల నోరు నొక్కిందో తెలిసిందే. శిక్షణలన్నీ వ్యర్థమనీ అనడం లేదు. 2020లో మొదలైన ‘మనోదర్పణ్’ విద్యార్థులతోపాటు ఉపాధ్యాయులను కూడా లెక్కలోకి తీసుకుంది. 2022 నుంచి పనిచేస్తున్న టెలీ మానస్ 14416 సంఖ్యకు ఫోను చేసి మాట్లాడటం కొందరికి ప్రాణం నిలిపే పని. దిగులుకు పేరు పెట్టగలగడం చిన్న విషయం కాదు. నా అభ్యంతరం ఆ పేరును ఎంచుకునే అధికారం గురించే. తోడ్పాటు అందుకునేవారి మాటలు ఆ తోడ్పాటు పత్రంలో ఒక్కటైనా లేకపోతే, అది ఎవరికోసం రాసిన పత్రం?

రెండు మండలాలకు ఆనుకునే డిగ్రీ కళాశాలలు, వాటిలో తెలుగు శాఖలు ఉన్నాయి. వృత్తిపదకోశాల నిర్మాణం మనకు కొత్త కాదు. వ్యవసాయం, చేనేత పదాలను ఊరూరా తిరిగి సేకరించిన సంప్రదాయం తెలుగు పరిశోధనకు ఉంది. బోధన కూడా ఒక వృత్తే. దాని అలసటకు, సేదతీరడానికి, సహోద్యోగుల మధ్య నడిచే ఓదార్పుకు ఉన్న మాటలను ఇప్పటిదాకా ఆ దృష్టితో సేకరించలేదు. బస్సు ప్రయాణంలో, మధ్యాహ్న భోజనపు వరండాలో, సర్వే పూటల్లో ఈ సేకరణ జరగాలి.

ఆనాటి తరగతి చివర అభిప్రాయ పత్రం పంచారు. ‘మీకు కావలసిన తోడ్పాటు’ అనే గడిలో భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని ఏదో రాసి, పత్రం మడిచి ఇచ్చి, బస్సుకోసం త్వరగా వెళ్లిపోయారు. పత్రాలు సర్దడంలో సాయపడుతూ చూశాను. ‘పొద్దున ఏడున్నరకు ఇంకో బస్సు’ అని ఉంది.