దంతవైద్యుని మొదటి ప్రశ్న

పన్ను సలుపు పుట్టినదాకా దానిని తలపని ఇండ్లు మా నెల్లూరు సీమలో నేటికిని పెక్కు గలవు. సలుపు పుట్టగానే లవంగము, అది చాలనపుడు మందుల అంగడి మాత్ర, దానికిని లొంగనపుడు పీకించుట, ఇంతియే దంతవైద్యమని నమ్మువారు, పై పన్ను పీకించిన చూపు మందగించుననియు, గార తీయించిన పండ్లు కదలుననియు వెఱచి, ఆ పీకించుటకు సైతము ఆలస్యముగనే వత్తురు. (గార తీసినపిమ్మట పండ్లు కదలినట్లు తోచుట నిజమే, చిగురు అదివరకే క్షీణించియుండగా, వానిని పట్టియుంచినది ఆ గారయే.)

పండ్లకు నీటివలనను కీడు గలదు. మైపాడు తీరమువైపు మాకు తెలిసిన నీటిబాధ ఉప్పదనమొక్కటే. రెండవ బాధను నేను నెల్లూరులో ఒక దంతవైద్యుని యొద్ద వంతుకై కూర్చుండి చూచితిని. ఉదయగిరి మెట్టనుండి మనుమని వెంటబెట్టుకొని వచ్చిన ఒక అవ్వ, వాని ముందుపండ్లమీది గోధుమరంగు చారలు చూపి, "ఎంత తోమినా పోవడంలేదు నాయనా, గట్టిగా రుద్ది తెల్లగా చెయ్యి" అని వేడుకొనగా, ఆయన అద్దము చేతబట్టక మునుపే "ఏ నీళ్లు తాగతారవ్వా?" అని అడిగెను. "మా ఊరి బోరింగు నీళ్లే" అని అవ్వ బదులు చెప్పెను.

ఆ ప్రశ్నకు మా జిల్లాలో చరిత్ర గలదు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు 1937లో, నీటిలోని ఫ్లోరైడు మితిమీరి పండ్లను ఎముకలను చెఱచు ఫ్లోరోసిస్ వ్యాధినిగూర్చి వ్యాసము ప్రకటించిరి. మన దేశమున మనుష్యులలో ఈ వ్యాధి శాస్త్రలోకమునకు తెలియవచ్చినది నాటి నెల్లూరు జిల్లా పల్లెలవలననే. ఆ పల్లెలుండిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు 1970లో ఒంగోలు (తరువాతి ప్రకాశం) జిల్లాలో చేరినవిగాని, భూగర్భజలమునకు జిల్లాల సరిహద్దులతో పనిలేదు గదా.

స్థిరదంతముల పైపూత, అనగా ఎనామెల్, బిడ్డ పుట్టినది మొదలు సుమారు ఎనిమిదేండ్లదాకా దవడలోపలనే రూపొందుచుండును. ఆ కాలమున లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించినచో ఆ పూత గుల్లబారి, పన్ను పైకి వచ్చిన తరువాత మరకలను పీల్చుకొనును. కావుననే కోస్తానుండి మెట్టకు కాపురమునకు పోయిన కోడలి పండ్లు తెల్లగనే యుండును. అదే కడవ నీరు త్రాగిన ఆమె బిడ్డకు చారలు పడును. (ఎముకల కీడు మాత్రము పెద్దలకును తప్పదు.) మరక పూతలోనిదగుటచే ఎంత రుద్దినను పోదు, స్వల్పమైనచో పంటిరంగు పదార్థముతో కప్పవచ్చును, ముదిరినచో క్యాపు తొడుగవలెను. నీటిని మరిగించుట నిరర్థకము. ఆవిరియగునది నీరేగాని ఫ్లోరైడు కాదు, మిగిలిన నీటిలో అది మరింత చిక్కనగును. ఆర్.ఓ. యంత్రపు నీరు, లేదా పరీక్ష చేయించిన వేరొక నీరు, ఇదియే నివారణ.

ఆరవయేట తల్లిదండ్రులు ఏమరుపాటున పోగొట్టునది మరొకటి గలదు. పాలపండ్లన్నిటి వెనుక మొదటి పెద్ద దవడపన్ను అప్పుడే మొలచును. దానికై ఏ పాలపన్నును ఊడదుగాన, అదియును పాలపన్నే, ఊడిపోవునదే యని ఇంటిల్లిపాది భ్రమపడుదురు. దాని గుంటలలో మన మలై కాజా పాకమువంటిది చిక్కి రాత్రియంతయు నిలిచినచో, కొన్నేండ్లకే పిప్పిపట్టును. అప్పుడే కనుగొన్నచో ఒక పూట ఫిల్లింగుతో తీరిపోవును. పిప్పి నరమునకు చేరినపిమ్మట రూటు కెనాలు, క్యాపు, దానికి తగిన వ్యయము. పీకించినచో ప్రక్క పండ్లు ఆ సందులోనికి ఒరగును. మొలచిన క్రొత్తలోనే గుంటలను సీలెంటుతో పూడ్పించువారు మా సీమలో ఎందఱు? ఉదయపు తోముడుకన్న పడుకొనబోవు మునుపటి తోముడే ముఖ్యమని నా అభిప్రాయము; మధుమేహమున్న పెద్దలకు చిగుళ్లు త్వరగా చెడునుగాన వారికిది మరింత అవసరము.

పేస్టులోనిదియు ఫ్లోరైడే గదా యని అవ్వ అడుగలేదుగాని, ఎవరైన అడుగదగినదే. పంటిమీద పూసి ఉమిసినది పిప్పిని అడ్డును. దినదినము కడుపులోనికి అధికముగ పోవునది చారలు తెచ్చును. కావున మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆపైన ఆరేండ్లదాకా బఠాణీగింజంత పేస్టు చాలును. బోరింగు నీళ్ల ఊళ్లలో అదియును వైద్యునడిగి, పెద్దలు దగ్గరనుండి ఉమియించుచు వాడవలెను.